పాప లోపల, నేను బయట

పాప పుట్టిన నాలుగో రోజు మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. కంపెనీ ఇచ్చింది మూడు రోజుల సెలవు. అందులో సగం ఆసుపత్రిలోనే అయిపోయింది. ఇక్కడ గల్ఫ్‌లో, జుబేల్‌లో ఆయన పనిచేసే ప్లాంటులో అప్పుడు షట్‌డౌన్ నడుస్తోంది. యంత్రాలన్నీ ఆపి, విప్పి, బాగుచేసి మళ్ళీ బిగించే రోజులవి. ఆ రోజుల్లో ఎవరికీ సెలవుండదు, శుక్రవారం కూడా ఉండదు. తెల్లవారకముందే ఖోబర్‌లో మా వీధి చివరికి కంపెనీ బస్సు వస్తుంది, మళ్ళీ చీకటి పడ్డాకే దింపుతుంది. ఆ రోజు వెళ్ళేముందు ఆయన అన్నం వండి, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, మంచం పక్కన కాసేపు నిలబడ్డాడు.

"జాగ్రత్త. ఏమన్నా అయితే ఫోన్ చెయ్యి, ఎత్తుతా" అన్నాడు.

ప్లాంటు లోపలికి ఫోన్లు పోనివ్వరని ఇద్దరికీ తెలుసు. ఆయన తెలిసే అన్నాడు, నేనూ తెలిసే తలూపాను.

అసలు ఆ సమయానికి మా అమ్మ నా పక్కన ఉండాలి. విజిట్ వీసాకి నాకు ఏడో నెల నడుస్తున్నప్పుడే పెట్టాం. అమ్మ పాస్‌పోర్టులో ఆమె పేరు ఒక రకంగా ఉంది, నా పాస్‌పోర్టులో తల్లి పేరు ఇంకో రకంగా ఉంది. రెండే అక్షరాల తేడా. దానికే కాగితాలు వెనక్కి వచ్చాయి. పేరు దిద్దించుకోవడానికి అమ్మ ప్రొద్దుటూరు నుంచి తిరుపతి పాస్‌పోర్టు ఆఫీసుకి బస్సులో ఎన్నిసార్లు తిరిగిందో. అప్పటికే శొంఠి, వాము, సాంబ్రాణి, పాపకి కప్పడానికి మెత్తబడిన పాత చీరలు అన్నీ సూట్‌కేసులో సర్దిపెట్టుకుంది. ఫోన్ చేసినప్పుడల్లా, "నాకంటే పెట్టె ముందు తయారై కూచోనుండాది మే" అనేది. మా అత్తగారు మా ఆయన చిన్నతనంలోనే పోయారు. ఇక వచ్చేవాళ్ళెవరూ లేరు.

మాది రెండో అంతస్తు. అందరి ఇళ్ళలాగే కిటికీలకి మసక అద్దాలు. వెలుగు వస్తుంది కానీ బయట ఏముందో కనిపించదు. ఒక అద్దం కొంచెం జరిపితే ఎదురు బిల్డింగు గోడ, దానికి వేలాడుతున్న ఏసీల వరస కనిపించేవి. కింద వీధిలో మనుషులుండేవాళ్ళు కాదు. ఆ ఎండలో ఎవరు తిరుగుతారు? మధ్యాహ్నం మసీదులోంచి అజాన్ వినిపిస్తే సగం రోజు అయిందనుకునేదాన్ని. సాయంత్రపు అసర్ అజాన్‌కి ఇంకొంచెం, పొద్దుగూకి మగ్రిబ్ అయితే ఇక ఆయన వచ్చేస్తాడు. మా ఇంట్లో గోడ గడియారం ఉంది కానీ దాన్ని చూడటం మానేశాను. చూస్తే పది నిమిషాలే గడిచి ఉండేవి.

పాప పాలు తాగడానికి ముప్పావు గంట తీసుకునేది. తాగుతూ నిద్రపోయేది, పక్కలో పడుకోబెట్టగానే లేచేది. కుట్లు నొప్పిగా ఉండి నేను ఒక పక్కకే కూర్చునేదాన్ని. అన్నం కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకునే సమయానికే ఏడుపు మొదలయ్యేది. చేయి కడుక్కుని ఎత్తుకునేదాన్ని. తిరిగి వచ్చేసరికి ఏసీ గాలికి అన్నం ఎండిపోయి మెతుకులు గట్టిపడి ఉండేవి. అలాగే తినేదాన్ని.

బొడ్డు ఊడాక, పదకొండో రోజున, మొదటిసారి నీళ్ళు పోశాను. ఖోబర్‌లో ఎండాకాలం చన్నీళ్ళ కుళాయి తిప్పినా వేడినీళ్ళే వస్తాయి. మిద్దె మీది ట్యాంకు అంతగా కాగిపోతుంది. అందుకని పొద్దున్నే బకెట్ నింపి పెట్టి, పదింటికి మోచేయి ముంచి చూశాను. ఫోన్‌ని బాత్రూం గుమ్మంలో సబ్బు పొడి డబ్బాకి ఆనించి అమ్మకి వీడియో కాల్ చేశాను.

"కాళ్ళు బారజాపుకోని కూచో. పీట ఉండాదా?"

"లేదమ్మా."

"పోనీలే, నేల మీదనే కూచో. పాపను కాళ్ళ మీద బోర్లా పండబెట్టు. తల పాదాల దిక్కుండాల. బయపడాకు."

"జారిపోతాదేమోమ్మా."

"జారదు. నీకూ అట్లనే పోసినా. నువ్వేమన్నా జారినావా?"

నవ్వొచ్చింది. పాప వీపు మీద సబ్బు రాశాను. నా అరచేయంత వీపు. "ఇంగ నీళ్ళు మెల్లిగా…" అంటూ అమ్మ చేయి ఎత్తింది. చేయి ఎత్తిన అమ్మ అలాగే తెర మీద నిలిచిపోయింది. నెట్ పోయింది. "అమ్మా, అమ్మా" అని పిలిచాను. ఒళ్ళంతా సబ్బుతో జారిపోతున్న పాప, కదలని అమ్మ. కాసేపు చూసి, ఇక తప్పదని చెంబుతో ఒక చేత్తో నీళ్ళు ముంచి పోశాను. పాప ఏడవలేదు. నేనే ఏడ్చాను. తుడిచి, గుడ్డలో చుట్టి బయటికి తెచ్చాక ఫోన్ మోగింది. "ఏమైంది మే? పోసినావా?" అని అమ్మ అడుగుతుంటే, "పోసినా" అని మాత్రం చెప్పగలిగాను.

మా బిల్డింగులో హైదరాబాదు కుటుంబాలు రెండున్నాయి. పాప పుట్టిందని తెలిసి ఒక సాయంత్రం ఇద్దరు ఆడవాళ్ళు ఖీర్ చేసుకుని వచ్చారు. మంచివాళ్ళే. పాపని ఎత్తుకుని దిష్టి తీశారు. కానీ వాళ్ళు మాట్లాడే ఉర్దూ నాకు సగమే అర్థమయ్యేది, తిరిగి చెప్పడానికి మాటలు దొరికేవి కావు. మేము దూదేకులవాళ్ళం. మా ఇంట్లో తాతముత్తాతల నుంచీ తెలుగే. ప్రార్థనలు, దువాలు అరబ్బీలో చదువుతాం, మిగతా బతుకంతా తెలుగులోనే.

"ముసల్మాన్ హోకే ఉర్దూ నహీ ఆతీ?" అని, ముస్లిమై ఉండీ ఉర్దూ రాదా అని, పెద్దామె ఆశ్చర్యపోయింది. తప్పు పట్టడానికి అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. నేను నవ్వాను. తర్వాత వాళ్ళిద్దరూ తమ పిల్లల స్కూలు గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. నేను ఎవరింటికో వెళ్ళిన చుట్టంలా నా సోఫా అంచున కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళి తలుపు మూసుకున్నాక ఇల్లు ముందుకంటే ఖాళీ అయింది.

ఆ వారంలోనే అనుకుంటాను, ఆయన వచ్చి బూట్లు విప్పుతూ, "ఏం చేసినావు ఈ పొద్దు?" అని అడిగాడు. చెప్పబోతే గొంతు పెగల్లేదు. బొంగురుగా ఏదో శబ్దం వచ్చింది. పొద్దున్నుంచీ నోరు తెరిచి ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. పాపతో మాట్లాడాలని పుస్తకాల్లో రాస్తారు. ఏం మాట్లాడను? దాని ముఖం చూస్తూ మనసులోనే అన్నీ అనుకునేదాన్ని. పైకి వచ్చేవి కావు. నేను గొంతు సవరించుకుని చెప్పబోయేసరికి ఆయన సోఫాలోనే, ఒక బూటు కాలికి ఉండగానే నిద్రపోయాడు. ఆయన మీద కోపం రాలేదు. ఆ బూటు కూడా విప్పి పక్కన పెట్టాను.

పాపకి ఇరవై నాలుగో రోజు. పొద్దున పదిన్నర అయి ఉంటుంది. పాపకి పాలు పట్టి మంచం మీద రెండు దిండ్ల మధ్య పడుకోబెట్టాను. చెత్త తీసుకుపోయే మనిషి వచ్చే వేళ. డైపర్ల సంచి మూతి కట్టి, తలుపు తీసి, రెండడుగులు వేసి మెట్ల దగ్గర పెట్టాను. వెనక తలుపు పడిన చప్పుడు వినిపించింది. గట్టిగా కూడా కాదు, మామూలుగా.

మా తలుపుకి బయట వైపు తిప్పే పిడి లేదు. మూసుకుంటే తాళంచెవితోనే తెరవాలి. తాళంచెవి లోపల. ఫోన్ లోపల. పాప లోపల. నేను నైటీలో, చున్నీ కూడా లేకుండా, వట్టి కాళ్ళతో బయట.

మొదట తలుపుని తోశాను. తర్వాత భుజంతో కొట్టాను. ఆ చప్పుడుకే లేచిందేమో, లోపల పాప ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు నాకు తెలుసు. ముందు చిన్నగా రెండుసార్లు అని, ఆగి, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి అందుకుంటుంది.

హైదరాబాదు వాళ్ళు పై అంతస్తులో ఉంటారు. పరుగున ఎక్కి రెండు తలుపులూ కొట్టాను. ఎవరూ తీయలేదు. సెలవులకి ఊరు వెళ్ళారని తర్వాత తెలిసింది. మళ్ళీ కిందికొచ్చి మా ఎదురింటి తలుపు బాదాను. ఆ ఇంట్లో అరబ్బులు ఉంటారని తప్ప ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా వాళ్ళని చూడలేదు.

తలుపు తీసింది ఒక ముసలామె. నల్లని మనిషి, పొడుగ్గా ఉంది. ఒంటికి మన చీరలాగే పొడవాటి గుడ్డ చుట్టుకుని, దాని కొంగే తల మీద కప్పుకుంది. సూడాన్ ఆడవాళ్ళు అలా కట్టుకుంటారని అప్పుడు నాకు తెలియదు. ఒక్క క్షణం మా ఊరి వైపు ఎవరో ముసలామె అనుకుని "అవ్వా, తలుపు పడింది, పాప లోపల…" అని తెలుగులోనే అరిచేశాను. ఆమెకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. నేను వేలితో మా తలుపు చూపించి, రెండు చేతులూ కలిపి పాపని ఊపినట్టు ఊపాను. ఆమె చెవి ఆనించి విన్నది. అంతే, అన్నీ అర్థమయ్యాయి.

లోపలికి వెళ్ళి ఫోన్‌లో ఎవరితోనో కోపంగా మాట్లాడింది. ఇంకో గుడ్డ తెచ్చి నా తల మీంచి భుజాల దాకా చుట్టబెట్టింది. రెండు నిమిషాల్లో బిల్డింగు హారిస్ వచ్చాడు. హారిస్ అంటే మన వాచ్‌మన్ లాంటివాడే. బంగ్లాదేశ్ మనిషి, నడివయసు. నన్ను చూసి చూపు పక్కకి తిప్పుకుని, "రోవో మత్ భాభీ, చాబీవాలా కో లాతా హూఁ" అన్నాడు. ఏడవద్దని, తాళాలు తీసే మనిషిని తెస్తానని, ఇంకో తాళంచెవి తన దగ్గర లేదని చెప్పాడు. మేము ఇంట్లోకి దిగినప్పుడు మా ఆయనే పాత తాళం మార్పించాడు, భద్రంగా ఉంటుందని.

తాళాలు తీసే మనిషి రావడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ నేను తలుపు ముందు నేల మీద పడుకుని, కింద సందుకి నోరు ఆనించి మాట్లాడాను. ఇన్నాళ్ళూ మాటలు రాలేదన్నానే, ఆ రోజు ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు.

"అమ్మ ఈన్నే ఉండాది నా తల్లీ. యాడికీ పోలా. తలుపు పడింది అంతే. ఏడ్సాకు. జేజి వస్తాది, పెట్టె సర్దుకోనుండాది. నీకు సాంబ్రాణి పొగ ఏస్తాది. ఏడ్సాకు బంగారూ…"

నా గొంతు మెట్ల దారంతా మారుమోగింది. ఆ బిల్డింగులో అంత గట్టిగా తెలుగు ఎవరూ ఎప్పుడూ మాట్లాడి ఉండరు.

ముసలామె కూడా నా పక్కన నేల మీద కూలబడింది. ఆమె మోకాళ్ళు వంగడానికి ఎంత కష్టపడ్డాయో చూశాను. నా వీపు మీద చేయి వేసి, "మాలేష్, యా బిత్తీ, మాలేష్" అంటూ ఉంది. మాలేష్ అంటే ఏం ఫర్వాలేదని. బిత్తీ అంటే కూతురని ఊహించాను. తర్వాత దువా చదవడం మొదలుపెట్టింది. నేను చిన్నప్పుడు మా ఊరి మదరసాలో అర్థం తెలియకుండా బట్టీపట్టిన దువా అది. నా పెదాలు వాటంతటవే కదిలాయి. ఆమె ఆశ్చర్యంగా నా వైపు చూసి, గొంతు కొంచెం పెంచింది. ఇద్దరికీ వచ్చిన మాటలు అవే.

కాసేపటికి లోపల ఏడుపు ఆగిపోయింది. ఏడుస్తున్నప్పటికంటే అప్పుడే ఎక్కువ భయం వేసింది. దిండు గురించి ఆలోచన వచ్చింది. దిండు దాని ముఖం మీదికి జరిగిందేమోనని. ఆ కొద్దిసేపు నేను ఏం చేశానో నాకు గుర్తులేదు. గోళ్ళతో తలుపు గీకానని, వేళ్ళు చీరుకుపోవడం చూసి సాయంత్రం తెలుసుకున్నాను.

తాళాల మనిషి వచ్చాడు, తాళం తెరుచుకుంది. నేను పరుగెత్తాను. పాప దిండ్ల మధ్య ఉన్నచోటే ఉంది. చెంపల మీద కన్నీళ్ళు ఆరి చారలు కట్టాయి. పిడికిలి నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. ఎత్తుకుంటే నిద్రలోనే వెక్కింది. మంచం అంచున కూర్చుండిపోయాను.

ముసలామె మా ఇంట్లోకి రావడం అదే మొదలు. హారిస్‌నీ తాళాల మనిషినీ బయటే ఉండమని పంపేసి, పాపని నా చేతుల్లోంచి తీసుకుంది. నాకు ముఖం కడుక్కోమని సైగ చేసింది. వంటింట్లోకి తొంగిచూసింది. ఎండిపోయిన అన్నం, తోమని గిన్నెలు. తన ఇంటికి వెళ్ళి గంటలో ఒక గిన్నె పట్టుకొచ్చింది. మెంతులు, పాలు వేసి కాచిన జావ. చేదుగా, తియ్యగా ఉంది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని గిన్నె ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను.

"ఫోన్ చేయకపోయినావా, ఎట్లోగట్ల…" అని ఆగాడు.

"ఫోను లోపలుండాది."

"అవును కదా" అన్నాడు. పాపని ఒళ్ళో పెట్టుకుని దాని పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. "నేను రేపు పోను. ఉద్యోగం పోతే పోనీ" అన్నాడు. పొద్దున్నే బస్సుకి వెళ్ళాడు. కానీ ఆ సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకో తాళంచెవి చేయించుకొచ్చి, తనే వెళ్ళి ఎదురింట్లో ఇచ్చాడు.

అప్పటినుంచి ఆమె రోజూ అసర్ నమాజు అయ్యాక వచ్చేది. తాళంచెవి ఉన్నా తలుపు కొట్టే వచ్చేది. పాపని ఒళ్ళో వేసుకుని నన్ను పడుకోమనేది. నాకు నిద్ర వచ్చేది కాదు, అయినా కళ్ళు మూసుకునేదాన్ని. ఆమె అరబ్బీలో ఏదో చెప్తూనే ఉండేది, నాకో పాపకో తెలిసేది కాదు. నేను తెలుగులో జవాబిచ్చేదాన్ని. కొన్నాళ్ళకి అది వింతగా అనిపించడం మానేసింది.

ఆమె సంగతులు ఆమె కొడుకు మా ఆయనకి ఇంగ్లీషులో చెప్పగా తెలిశాయి. వాళ్ళది సూడాన్‌లో ఖార్తూమ్. అక్కడ యుద్ధం వచ్చి ఇల్లు వదిలేసి, ఇక్కడ మందుల షాపులో పనిచేసే కొడుకు దగ్గరికి వచ్చేసింది. కూతురు కైరోకి పారిపోయింది. ఆ కూతురికి చలికాలంలో కొడుకు పుట్టాడు. ఈమెకి ఈజిప్టు వీసా రాలేదు. ఆ పిల్లవాణ్ణి ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఒకరోజు ఫోన్‌లో ఫోటో చూపించింది. వేలితో వాడి చెంపని నిమురుతూ, తెర పెద్దదై చెంప ఒక్కటే కనిపించేదాకా నిమురుతూనే ఉంది. నేను మా అమ్మ ఫోటో చూపించాను. "ఉమ్మీ" అన్నాను, మా అమ్మ అని. ఆమె తలూపి, రెండు చేతులూ విమానంలా పెట్టి, వస్తుందా అని అడిగింది. తెలియదన్నట్టు భుజాలెగరేశాను.

సెప్టెంబరు మొదట్లో ముసలామెకి ఈజిప్టు వీసా వచ్చింది. ఆ రోజు అసర్ దాకా ఆగలేదు, పొద్దున్నే వచ్చేసింది. తలుపు తీయగానే నన్ను గట్టిగా పట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "కైరో, కైరో" అంటోంది. నాకు సంతోషమే అయింది. నిజంగానే అయింది. ఆమె వెళ్ళిన తర్వాత వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు ఊరికే నిలబడ్డాను.

ఐదు రోజుల్లో వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు తాళంచెవి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. పాప మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. నా ముఖం రెండు చేతులతో పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పింది. కొడుకు కింద కారులో ఉన్నాడు, అర్థం చెప్పేవాళ్ళు లేరు. నేను అన్నిటికీ తలూపాను. ఆ రోజు ఆమె నాకు ఏం చెప్పిందో ఇప్పటికీ తెలియదు.

తర్వాత మూడు వారాలు పగలంతా మళ్ళీ పాపా నేనూ ఇద్దరమే. కానీ ముందులా కాదు. అసర్ అజాన్ అయ్యాక పాప తలుపు వైపు చూసేది. చూసేదో, నాకలా అనిపించేదో. నేను దానితో పైకే మాట్లాడటం మొదలుపెట్టాను. ఉల్లిపాయలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, ఏం చేస్తున్నానో చెప్తూ ఉండేదాన్ని. అది నా పెదాల వంక చూస్తూ ఉండేది.

పేరు దిద్దడం పూర్తయి, వీసా చేతికొచ్చి, అమ్మ సెప్టెంబరు ఆఖర్లో వచ్చింది. దమ్మామ్ విమానాశ్రయంలో బయటికి వస్తూ, నన్ను చూసి కూడా నా దగ్గరికి రాలేదు, పాప దగ్గరికి వెళ్ళింది. పాప కొత్త ముఖం చూసి గుక్కపట్టి ఏడ్చింది. "ఏడ్సు, ఏడ్సు, మూడు నెలలు ఆలస్యం చేసినందుకు తిట్టు" అని అమ్మ కూడా ఏడ్చింది.

మర్నాడు అమ్మ నన్ను గదిలోకి తోసి, "పోయి పండుకో. నేను నీళ్ళు పోస్తా" అంది. పడుకున్నాను. బాత్రూంలోంచి చెంబు చప్పుడు, అమ్మ మాటలు వినిపిస్తున్నాయి. "ఏం మే, ఎవురు నేర్పినారే నీకీ నవ్వు?" అంటోంది. పాప కిలకిలమంటోంది. ఇంతకుముందు అలా నవ్వలేదు, నా దగ్గర నవ్వలేదు.

ఎన్ని రోజులుగా ఎదురుచూసిన రోజది. లేచి వెళ్ళి చూడాలనిపించింది, వెళ్ళలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆ ఇంట్లో పాపా నేనూ ఇద్దరమే ఉన్న రోజులు అయిపోయాయి. అవి పోతే బాగుండునని రోజూ అనుకున్నదాన్నే. ఎందుకో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నిద్రపోయాను.